ఫోన్ జాడ, మనిషి జాడ

(పాఠశాల స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం సభలో చేసిన ప్రసంగం. అచ్చు కోసం అక్కడక్కడా సవరించాను.)



"ముప్పై ఏండ్లు సెల్ టవర్ల పని చేసినవు కదా, పిల్లలకు అర్థమయ్యేటట్టు ఏదన్నొకటి చెప్పు" అని మన సంఘం కార్యదర్శి అడిగాడు. ఏం చెప్పాలా అని నేను ఎక్కువ వెతుక్కోలేదు. మన బడిలో చదువుకున్నవాళ్లలో కొందరం డిండి వాగుకు ఇవతల నల్లగొండ జిల్లావాళ్లం, కొందరు అవతల పాత మహబూబ్‌నగర్ జిల్లావాళ్లు. ఈ రెండు వైపులకూ సంబంధించిన సొరంగం ఒకటుంది. కృష్ణ నీళ్లు శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కింద నుంచి నడిచి మన పొలాలకు, మన బిందెలకు రావాలని తవ్వుతున్న ఎస్‌ఎల్‌బీసీ సొరంగం. దోమలపెంట దగ్గర మొదలై అచ్చంపేట మండలం మన్నెవారిపల్లి దగ్గర తేలాలి. పొడవు దాదాపు 44 కిలోమీటర్లు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయినవాళ్లను చూస్తూ పెరిగినవాళ్లం కనుక ఆ సొరంగం మనకు ఎందుకు కావాలో ఈ సభలో నేను చెప్పనక్కరలేదు.

2025 ఫిబ్రవరి 22, శనివారం ఉదయం, దోమలపెంట వైపు నుంచి సుమారు 14 కిలోమీటర్ల లోపల ఆ సొరంగం పైకప్పు కూలింది. నీళ్లు, బురద, రాళ్లు ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. చాలామంది పరుగెత్తి బయటపడ్డారు. ఎనిమిది మంది చిక్కుకుపోయారు. ఇద్దరు ఇంజినీర్లు, ఇద్దరు మిషన్ ఆపరేటర్లు, నలుగురు కూలీలు. కూలీలు నలుగురూ జార్ఖండ్ వాళ్లు, మిగిలినవాళ్లు ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకాశ్మీర్ వాళ్లు. మన నీళ్ల కోసం వచ్చినవాళ్లలో మన జిల్లావాళ్లు ఒక్కరూ లేరు.

ఆ వారమంతా నాకు ఊరి నుంచి ఫోన్లు. అందరిదీ ఒకటే ప్రశ్న. "వాళ్ల జేబుల్ల సెల్‌ఫోన్లు ఉంటయి గదా, దొంగను పట్టేతందుకు టవర్ లొకేషన్ దీస్తరు, వీళ్లకెందుకు తియ్యరు?" మంచి ప్రశ్న. ఫోన్లో ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోయాను. ఈ రోజు తీరిగ్గా చెబుతాను.

ముందు నేల మీద ఫోన్ ఎలా దొరుకుతుందో చూద్దాం. ఫోను, టవరు మాట్లాడుకునేటప్పుడు మాట వెళ్లి రావడానికి ఎంత సమయం పట్టిందో టవర్ కొలుస్తుంది. రేడియో తరంగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది కనుక సమయం తెలిస్తే దూరం తెలుస్తుంది. పాత 2జీలో ఈ కొలబద్ద మీద ఒక్కో గీత దాదాపు 550 మీటర్లు. అంటే "ఆరో గీత దగ్గర ఉన్నాడు" అని చెప్పగలదు కానీ, ఆ అర కిలోమీటరులో ఎక్కడ అన్నది చెప్పలేదు. 4జీలో ఒక్కో గీత సుమారు 78 మీటర్లు. ఇంత నయమైంది. దిక్కు సంగతి వేరు. టవర్ మీద సాధారణంగా మూడు ముఖాలు ఉంటాయి, ఒక్కొక్కటి 120 డిగ్రీలు చూస్తుంది. ఏ ముఖానికి తగిలాడో తెలుస్తుంది, అంతే.

మన లెక్కల సారు తాడు చివర సుద్దముక్క కట్టి నల్లబల్ల మీద చాపం గీసేవారు, గుర్తుందా? ఒక్క టవర్ ఉంటే మనకు దొరికేది అదే, చాపం. మనిషి పది కిలోమీటర్ల దూరంలో ఉంటే ఆ చాపం పొడవు 21 కిలోమీటర్లు. రెండు టవర్లుంటే రెండు చాపాలు కోసుకుంటాయి, మూడుంటే ఒక చిన్న జాగా తేలుతుంది. హైదరాబాద్‌లో టవర్లు వందల మీటర్లకొకటి ఉంటాయి, అందుకే పోలీసులు గల్లీ దాకా రాగలుగుతారు. మన్ననూరు దాటి శ్రీశైలం రోడ్డు మీద అడవిలోకి పోయారంటే ఒక్క చాపం దొరికినా అదృష్టమే. నేను ఆ రోడ్డు మీద సిగ్నల్ కొలిచే పరికరాలు కారులో పెట్టుకుని చాలాసార్లు తిరిగాను. కిలోమీటర్ల కొద్దీ గ్రాఫు సున్నా మీదే పడుకుని ఉండేది. పులుల అభయారణ్యంలో టవర్ వేయడం అనుమతుల పని, మామూలు పని కాదు. పులుల పక్షాన నాకు అభ్యంతరం లేదు. ఆ సున్నా ఎప్పుడో ఒకప్పుడు మనిషి ప్రాణం మీదికి వస్తుందని మాత్రం తెలుసుకోవాలి.

వచ్చింది కూడా. 2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారు బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన హెలికాప్టర్ నల్లమల మీద కనబడకుండా పోయింది. ఒక రాష్ట్ర ముఖ్యమంత్రి. వెతకడానికి లోటేముంది? వైమానిక దళం హెలికాప్టర్లు వచ్చాయి, సుఖోయ్ విమానం వచ్చింది, ఇస్రో సాయం తీసుకున్నారు, కేంద్ర బలగాలు, పోలీసులు, అడవి తెలిసిన చెంచులు దిగారు. అయినా మర్నాడు ఉదయం దాకా పావురాలగుట్ట మీద శకలాలు కనబడలేదు. అయిదుగురూ చనిపోయారు. ఆనాడు నాతోపాటు పనిచేసేవాళ్లంతా చేతులు కట్టుకుని టీవీ చూశాం. అడవిలో మన నెట్‌వర్క్ లేదు. నెట్‌వర్క్ లేనిచోట ఫోన్ చివరగా ఏ టవర్‌ను పలకరించిందో అదొక్కటే మిగులుతుంది. అక్కడి నుంచి హెలికాప్టర్ ఎంత దూరం పోయిందో ఆ టవర్‌కు ఏం తెలుసు?

ఇప్పుడైతే దానికి ఒక ఉపాయం ఉంది. టవర్ దగ్గరికి ఫోన్ రాలేకపోతే టవర్‌నే ఫోన్ దగ్గరికి తీసుకుపోవడం. హెలికాప్టర్‌లోనో డ్రోన్ మీదనో చిన్న బేస్ స్టేషన్ పెడతారు. నెట్‌వర్క్ లేక అల్లాడుతున్న ఫోన్ ఈ కొత్త టవర్‌ను చూసి, తనంతట తానే వచ్చి నమోదు చేసుకుంటుంది. మోగనక్కరలేదు, ఎత్తనక్కరలేదు, మనిషి స్పృహలో లేకపోయినా సరే. హెలికాప్టర్ ముందుకు పోతుంటే దూరం మారుతూ ఉంటుంది. ఒక్కో చోట నుంచి ఒక్కో చాపం. మూడు టవర్ల పని ఒకే టవర్ తిరుగుతూ చేసిపెడుతుంది. స్పెయిన్‌లోని సెంటమ్ కంపెనీ చేసే లైఫ్‌సీకర్ ఇలాంటిదే. కొండల్లో, సముద్రంలో తప్పిపోయినవాళ్ల కోసం పలు దేశాల్లో వాడుతున్నారు. ఇదే పరికరంతో ఎవరి ఫోన్ ఎక్కడుందో దొంగచాటుగా కూడా చూడవచ్చు. కనుక ఎవరి చేతిలో ఉండాలి, ఎప్పుడు ఆన్ చేయాలి అన్నదానికి చట్టం, కట్టుబాటు ఉండాలి. ఆ భయం న్యాయమైనదే. ఆ భయంతో అసలు కొనకుండా ఉండటం మాత్రం నాకు సమ్మతం కాదు. వరదలొచ్చే ప్రతి రాష్ట్రం విపత్తు దళం దగ్గర ఇలాంటిది ఒకటి ఉండాలి.

ఇదంతా నేల మీద. ఇక దోమలపెంట.

సెల్ సిగ్నల్ ఖాళీ సొరంగంలో కొంత దూరం గొట్టంలో నీళ్లలాగా నడుస్తుంది. 14 కిలోమీటర్లు నడవదు. లోపల ప్రత్యేకంగా కేబుల్, యాంటెన్నాలు వేసుకుంటేనే అక్కడ ఫోన్‌కు ప్రాణం. పైనుంచి వినాలంటే నాలుగు వందల మీటర్ల మందాన కొండ. ఇక మనిషి మీద పడింది తడి బురద. రేడియో తరంగానికి రాయి కన్నా తడి మట్టి పెద్ద శత్రువు, ఎందుకంటే దానిలో కరెంటు పారుతుంది. కరెంటు పారే పదార్థం తరంగాన్ని తినేస్తుంది. సెల్‌ఫోన్ పనిచేసే 900 మెగాహెర్ట్జ్ దగ్గర అలాంటి బురద ఒక్క మీటరు దాటేసరికి సిగ్నల్ బలం నలభయ్యో వంతుకు పడిపోతుందని నా లెక్క. రెండో మీటరు దాటితే ఆ మిగిలినదాంట్లో మళ్లీ నలభయ్యో వంతు. జేబులో ఫోన్ ఆన్‌లోనే ఉందనుకున్నా, నీళ్లు దిగలేదనుకున్నా, పక్కనే నిలబడితే తప్ప వినబడదు. టవర్ లొకేషన్ ఎందుకు తియ్యలేదు అన్న ప్రశ్నకు జవాబు ఇది.

మరి రాడార్ తెచ్చారు కదా అంటారు. తెచ్చారు. మన హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు నేలలోకి చూసే రాడార్‌తో వచ్చి కొన్ని చోట్లు గుర్తించారు. ఆ రెండు రోజులు రాష్ట్రమంతా ఊపిరి బిగబట్టింది. తవ్వితే మనుషులు కాదు, లోహపు ముక్కలు బయటపడ్డాయి. ఇది శాస్త్రవేత్తల తప్పు కాదు. ఆ రాడార్‌కు మనిషి కనబడడు, తేడా కనబడుతుంది. ఇక్కడి పదార్థం ఒకలా, అక్కడి పదార్థం ఇంకోలా ఉంటే ఆ అంచు నుంచి ప్రతిధ్వని వస్తుంది. బురదలో ఉన్నదేమో వందల టన్నుల బోరింగ్ మిషన్ ఇనుము, విరిగిన సెగ్మెంట్లు, పైపులు. పెళ్లి బాజా మోగుతుంటే పక్కింట్లో పిల్లవాడి దగ్గు వినమన్నట్టు.

అంతకు ముందు ఏడాది, 2024 జూలై 30న వయనాడ్‌లో కొండచరియలు విరిగినప్పుడు కూడా, కూలిన ఇంటి కింద ఊపిరి ఆడుతున్నట్టు ఒక రాడార్ చూపింది. రాత్రి దాకా తవ్వారు. మనిషి లేడు. ఇలాంటి యంత్రాలు ఎప్పుడూ వమ్ము చేస్తాయని నేను అనడం లేదు. 2015 నేపాల్ భూకంపంలో నాసా వాళ్ల ఫైండర్ అనే పరికరం, గుండె కొట్టుకునే చిన్న కదలికను మైక్రోవేవ్‌తో పసిగట్టి, చౌతారాలో నలుగురిని శిథిలాల కింద చూపింది. నలుగురూ బతికారు. అక్కడ మీద పడింది ఇటుకలు, కలప, మట్టి. మధ్యలో గాలి సందులున్నాయి. గాలి సందు ఉంటే రేడియోకు దారి ఉన్నట్టే.

దోమలపెంటలో చివరికి ఏది పనిచేసింది? కేరళ పోలీసులు తెచ్చిన రెండు కుక్కలు. అవి వాసన పట్టి చూపిన జాగాలో తవ్వితే మార్చి 9న మొదటి మృతదేహం దొరికింది. మార్చి 25న రెండోది. సైన్యం, నేవీ, ఎన్‌డీఆర్‌ఎఫ్, సింగరేణి గని కార్మికులు, ఉత్తరాఖండ్‌లో పేరు తెచ్చుకున్న ర్యాట్ మైనర్లు, హైదరాబాద్ కంపెనీ రోబోలు, అందరూ రెండు నెలలు కష్టపడ్డారు. చివరి నలభై మీటర్లు ఎవరూ దిగలేని ప్రమాద స్థలమని తేల్చి, ఏప్రిల్ చివర తవ్వకం ఆపారు. ఆరుగురు అక్కడే ఉన్నారు.

నేను ఇంజినీర్‌ను, నా వృత్తికి ఇది మింగుడుపడదు. లక్షల మైళ్ల అవతలి నుంచి వ్యోమనౌక గొంతు వినగలం, 14 కిలోమీటర్ల అవతల మనిషిని వినలేకపోయాం. ఎందుకంటే వ్యోమనౌకను పంపేటప్పుడే దాని గొంతు మన చెవికి అందేటట్టు చేసి పంపుతాం. సొరంగంలోకి మనిషిని పంపేటప్పుడు కూడా అదే చేయాలి. ప్రమాదం జరిగిన తర్వాత తెచ్చే ఏ యంత్రమైనా ఊహించి వెతుకుతుంది. ముందే మనిషికి కట్టిన చిన్న వస్తువు మాత్రం తనే పలుకుతుంది.

అలాంటివి ఏమున్నాయంటే, మంచు కొండల్లో తిరిగేవాళ్లు ఒంటికి కట్టుకునే బీకన్ ఒకటి. 457 కిలోహెర్ట్జ్ మీద పనిచేస్తుంది, అంటే మన పాత మీడియం వేవ్ రేడియో కంటే కూడా కింద. తరంగం ఎంత నెమ్మదిగా ఊగితే బురద దాన్ని అంత తక్కువ తింటుంది. నేను చెప్పిన అదే తడి బురదలో ఈ తరంగం మూడు మీటర్ల పైచిలుకు పోయినా మూడో వంతుకు పైగా మిగులుతుంది. సెల్‌ఫోన్‌కూ దీనికీ తేడా చూడండి. మామూలు పెన్సిల్ సెల్స్‌తో 200 గంటలు పలుకుతుంది, అంటే ఎనిమిది రోజులు. దోమలపెంటలో మొదటి జాడ దొరకడానికి పదిహేను రోజులు పట్టింది కనుక అది చాలదు. ఇంకా అరుదుగా, నిమిషానికి ఒకసారి పలికేటట్టు చేస్తే నెలలు వస్తుంది. చుట్టూ ఇనుము ఉంటే దిక్కు కొంచెం తప్పుతుంది, నిజమే. నాలుగు చోట్ల తవ్వడానికీ నలభై చోట్ల తవ్వడానికీ ఉన్న తేడా మాత్రం మిగులుతుంది.

ఇంకొకటి, సొరంగం పొడవునా వేసే లీకీ కేబుల్. మామూలు కేబుల్ సిగ్నల్‌ను బయటికి పోనివ్వదు. దీనికి కావాలనే సన్నటి సందులు పెడతారు, మన డ్రిప్ పైపు లాగా. డ్రిప్ పైపు పొడవునా నీటిచుక్కలు పడ్డట్టు దీని పొడవునా సిగ్నల్ కారుతుంది. ఢిల్లీ మెట్రో భూగర్భ మార్గాల్లో ఉన్నది ఇదే. దీనికి తోడు హెల్మెట్‌లో ట్యాగు, దారిలో అక్కడక్కడా దాన్ని చదివే పెట్టెలు ఉంటే, ఎవరు ఏ పెట్టె దాటి ముందుకు పోయారో, ఎవరు వెనక్కి వచ్చారో బయట స్క్రీన్ మీద కనబడుతుంది. ఒక్కో ట్యాగు ఖరీదు మీ చేతుల్లో ఉన్న ఫోన్ల కంటే తక్కువ. కూలితే కేబుల్ తెగుతుంది కదా అని ఎవరైనా అడగవచ్చు. తెగుతుంది. తెగిన క్షణం దాకా ఎవరు ఎక్కడున్నారో మాత్రం బయట భద్రంగా ఉంటుంది.

అమెరికాలో 2006 జనవరిలో సేగో బొగ్గుగనిలో పేలుడు జరిగి పన్నెండు మంది చనిపోయారు. ఎక్కడున్నారో తెలియక గంటల కొద్దీ ఆలస్యం. ఆ ఏడాదే వాళ్లు చట్టం చేశారు. భూగర్భ బొగ్గుగనుల్లో కార్మికుడి జాడ తెలిసే ఏర్పాటు, వైర్‌లెస్ మాట ఏర్పాటు మూడేళ్లలో పెట్టాలి అని. మనకు 2023 నవంబర్‌లో సిల్క్యారా సొరంగం ఉంది. నలభై ఒక్క మంది పదిహేడు రోజులు లోపల ఉండి, అందరూ బతికి బయటికొచ్చారు. అక్కడ రేడియో అద్భుతం ఏమీ లేదు. కూలిన మట్టి గుండా ఒక నాలుగంగుళాల పైపు తెరిచి ఉంది. దానిలోంచి మాట పోయింది, తిండి పోయింది. "ఉన్నాం" అన్న ఒక్క మాట ఎంత బలమో అక్కడ తెలిసింది.

దోమలపెంటలో ట్యాగులుంటే ఎనిమిది మంది బతికేవారా? నేను అలా అనను. ఆ బురద వచ్చిన వేగం చూస్తే ఆశ తక్కువ. ఆరు ఇళ్లకు మాత్రం శవమైనా వెళ్లేది. అది చిన్న సంగతి అనుకునేవాళ్లు ఈ సభలో ఉండరని నా నమ్మకం. మన ఊళ్లో మోట బావిలో పడ్డ మనిషి కోసం ఊరు ఊరంతా రెండు రాత్రులు బావి గట్టు మీద కూర్చోవడం మనం చూశాం.

ఇదంతా ఈ సభలో ఎందుకు? సొరంగంలో ఇంకా తొమ్మిదిన్నర కిలోమీటర్ల దాకా మిగిలి ఉంది. ప్రభుత్వం పని మళ్లీ మొదలుపెడుతున్నది. 2025 నవంబర్‌లో ఎన్‌జీఆర్‌ఐ హెలికాప్టర్‌కు పెద్ద చుట్ట వేలాడదీసి విద్యుదయస్కాంత సర్వే చేసింది. కొండలో నీళ్లు ఎక్కడున్నాయో, రాయి ఎక్కడ బలహీనంగా ఉందో ముందే చూడటానికి. చాలా మంచి పని. అది కొండ జాడ. మనిషి జాడ కూడా అంతే ముందుగా కావాలి. ఈసారి టీబీఎం బదులు డ్రిల్లింగ్, బ్లాస్టింగ్ అంటున్నారు. అంటే తవ్వే ముఖం దగ్గర మనుషులు ఇంకా ఎక్కువ. మన పూర్వ విద్యార్థుల్లో నీటిపారుదల శాఖలో ఉన్నవాళ్లున్నారు, కాంట్రాక్టు పనుల్లో ఉన్నవాళ్లున్నారు, పత్రికల్లో ఉన్నవాళ్లున్నారు. ప్రతి మనిషికీ బీకన్, ట్యాగు, పొడవునా కేబుల్ అనే మూడు మాటలు పని షరతుల్లో ఉన్నాయా అని అడగండి. సంఘం తరఫున వినతిపత్రం నేను రాసి తెచ్చాను. సంతకాలకు బయట రిజిస్ట్రేషన్ బల్ల మీద ఉంది.

చివరగా పిల్లలకు పనికొచ్చే రెండు మాటలు. వాగులోనో అడవిలోనో చిక్కుకుంటే 112 కొట్టండి. మీ సిమ్‌కు సిగ్నల్ లేకున్నా, పక్క కంపెనీ సిగ్నల్ ఉంటే దాని మీద పోతుంది. ఇప్పటి స్మార్ట్‌ఫోన్లలో జీపీఎస్ ఉంటుంది. కనుక లొకేషన్ ఆన్ చేసి, ఇంటికి ఒక ఎస్‌ఎంఎస్ పెట్టండి. కాల్ పోని చోట ఒక్కోసారి ఎస్‌ఎంఎస్ పోతుంది. తర్వాత స్క్రీన్ ఆర్పి, డేటా ఆపి, ఫోన్ మాత్రం ఆన్‌లో ఉంచండి. వీడియోలు తీస్తూ బ్యాటరీ కాల్చవద్దు. జాడ తెలిస్తే సగం పనే అయిందని కూడా గుర్తుంచుకోండి. 2024 సెప్టెంబర్‌లో ఖమ్మం మున్నేరు వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకున్నప్పుడు వాళ్లెక్కడున్నారో ఊరందరికీ కళ్లెదుట కనబడుతూనే ఉంది. హెలికాప్టర్ రాలేదు. జేసీబీ వేసుకుని వరదలోకి పోయి వాళ్లను తెచ్చినవాడు ఒక డ్రైవర్.

ప్రసంగం అయ్యాక తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి "సార్, ఫోన్ స్విచాఫ్ అయినా కనుక్కోవచ్చా?" అని అడిగింది. ఆ జవాబు కూడా ఇక్కడ చేర్చమన్నారు. టవర్ ద్వారా కనుక్కోలేం. టవర్ దగ్గర చివరి నమోదు మాత్రమే ఉంటుంది. కొన్ని కొత్త ఫోన్లు ఆగిపోయిన తర్వాత కూడా కొన్ని గంటలపాటు బ్లూటూత్ మీద సన్నగా పలుకుతాయి. ఆ పలుకు వినడానికి దగ్గరలో ఇంకో ఫోన్ ఉండాలి, దానికి నెట్ ఉండాలి. బస్టాండులో పోయిన ఫోన్‌కు పనికొస్తుంది, నల్లమలలో కాదు.